దేవుడు లేడను వారి కూటములు

విజయవాడకు బస్సులో పోవు మన పల్లెల వారికి బెంజి సర్కిలు తెలియనిది కాదు. దానికి చేరువనే పటమటలో నాస్తిక కేంద్రము అను పేరుగల స్థలమొకటి కలదు. ఆ పేరు చదివిన మన విశ్వాసులు కొందరు ముఖము ప్రక్కకు త్రిప్పుకొందురు. మరికొందరు, అక్కడ కూర్చుండి దేవదూషణ చేయుదురట అని పిల్లలకు చెప్పుదురు. అక్కడ డెబ్బదియైదు ఏండ్లకు పైగా జరుగుచు వచ్చిన కూటములు ఎట్టివి, వాటిలో మెచ్చదగినదేది, కొరత యేది అని విచారించినవారు మాత్రము మనలో అరుదు. విచారింపక నిందించుట సులువు. విచారింపక మెచ్చుకొనుటయు నంతే సులువు. పట్టణమున చదువుకొను మన యువకులు కొందరు చేయుచున్నది ఈ రెండవ పనియే. ఈ రెంటిని విడిచి, న్యాయముగా తూచి చూతము.

ఆ కేంద్రమును స్థాపించినవారు గోపరాజు రామచంద్రరావు గారు. లోకము ఆయనను గోరా అని యెరుగును. 1902లో బ్రాహ్మణ కుటుంబములో పుట్టి, మద్రాసులో వృక్షశాస్త్రము చదివి, కాలేజీలలో పాఠములు చెప్పిరి. జందెము తీసివేసినందున తండ్రి యిల్లు విడువవలసి వచ్చెను. నాస్తికుడన్న కారణముచేత 1933లో కాకినాడలో ఉద్యోగము పోయెను. పిమ్మట మచిలీపట్నములో కొన్నాళ్లు పనిచేసి, దానినిగూడ వదలుకొని, 1940లో భార్య సరస్వతి గారితోను బిడ్డలతోను కృష్ణా జిల్లా ముదునూరు గ్రామమునకు పోయి, అక్కడ ఆగస్టు నెలలో నాస్తిక కేంద్రము ప్రారంభించిరి. 1947లో అది పటమటకు వచ్చినది.

మనకు ఇంపుగాని సంగతి యొకటి ఇక్కడ చెప్పక తప్పదు. ఆయన యౌవనములో మధురలోని యొక మిషను కాలేజీలో ఉపాధ్యాయుడుగా నుండెను. క్రైస్తవ మతము పుచ్చుకొన్నచో అమెరికాకు పై చదువులకు పంపెదమని తనతో అనిరనియు, తాను సమ్మతింపలేదనియు ఆయన పక్షపువారి వ్రాతలలో కనబడును. అడిగినవారు మంచి మనస్సుతోనే అడిగియుందురు. కాని విశ్వాసమును ఓడ టిక్కెట్టుతో కలిపి చేతికిచ్చిన యెడల, నిజాయితీగల పడుచువాడు రెంటిని కలిపియే త్రోసివేయును గదా.

ఇక కూటముల సంగతి. గోరా గారు ప్రతి పున్నమికి సహపంక్తి భోజనములు ఏర్పాటు చేయుచుండిరి. ఈనాటి పిల్లలకు ఇది పెద్ద సంగతిగా తోచకపోవచ్చును. ఆ దినములలో హోటళ్లలో బ్రాహ్మణులకు వేరు గది. చెరువు గట్టున మాలలు మాదిగలు దూరముగా నిలిచి, ఎవరైన దయతలచి కుండలో నీళ్లు పోయుదురా అని కనిపెట్టుకొని యుండవలెను. అట్టి కాలములో అన్ని కులములవారు, అన్ని మతములవారు ఒకే వరుసలో విస్తళ్లు వేసికొని కూర్చుండిరి. వెన్నెల ఉన్నందున దీపముల ఖర్చుగూడ తప్పినదేమో! ఉపన్యాసముకంటె ఆ పంక్తియే ముఖ్యము. ఒక మనుష్యుని ప్రక్కన కూర్చుండి అన్నము తినిన తరువాత, వానిని అంటరానివాడని చెప్పుటకు నోరు రాదు.

మాటలాడు కూటములు వేరు. ఊరిలో నిప్పుల గుండము త్రొక్కుట దేవత మహిమ అనుకొనువారి యెదుట, నాస్తిక కేంద్రపు వారు తామే గుండము పేర్చి, పూజ లేక, ఉపవాసము లేక నడచి చూపిరి. కట్టె బొగ్గు ఎఱ్ఱగా మండుచున్నను వేడిని పాదమునకు మెల్లగా అందించును. అడుగు నిలువక నడచినచో చర్మము కాలుటకు వ్యవధి చాలదు అని ముందుగా విప్పి చెప్పిరి. పిమ్మట చూడవచ్చినవారిలో ఇష్టమైనవారినిగూడ నడువుమనిరి. ఈ పద్ధతిని గమనింపుడి. నమ్ముమని అడుగలేదు, నీవే వచ్చి చూడుమనిరి. తోమాకు ప్రభువు తన గాయములు చూపిన సంగతి చదువు మనము ఈ పద్ధతికి ఏల భయపడవలెను?

గాంధీ గారితో జరిగిన చర్చ వేరొక కోవకు చెందినది. 1930లో దేవుడను మాటకు అర్థమేమని గోరా గారు ఆయనకు జాబు వ్రాసిరి. 1944లో సేవాగ్రామమునకు వెళ్లి ముఖాముఖిగా మాటలాడిరి. రామనామము జపించువాడు ఒకరు, ఏ నామమును జపింపనివాడు ఒకరు. వీరిద్దరిని కలిపినది అస్పృశ్యతా నివారణ. తన ఆస్తికత్వమే సరియనిగాని, నీ నాస్తికత్వము తప్పనిగాని చెప్పజాలనని గాంధీ గారు ఒప్పుకొనిరి. ఆ సంభాషణలను గోరా గారు ఇంగ్లీషులో పుస్తకముగా వ్రాయగా 1951లో గాంధీ గారి నవజీవన్ సంస్థయే అచ్చువేసినది. అది ఒక నాస్తికుని పుస్తకము, దానిని ప్రకటించినవారు ప్రార్థన చేయువారు. మన పత్రికలలో ఏదైన, మనతో ఏకీభవింపని వాని మాటలను అట్లు పూర్తిగా అచ్చువేసినదా? నాకైతే తోచుట లేదు.

పుస్తకముతో ఆగలేదు. గోరా గారు తమ పెద్ద కుమార్తె మనోరమను, అప్పుడు హరిజనులని పిలువబడిన కులమునకు చెందిన అర్జునరావు గారికిచ్చి పెండ్లి చేయ నిశ్చయించిరి. ఆ వివాహమును తానే జరిపింతుననియు, ప్రమాణములలో దేవుడను మాటకు బదులు సత్యమను మాట పెట్టుదుననియు గాంధీ గారు ఒప్పుకొనిరి. ఆయన హతుడైన తరువాత, 1948 మార్చిలో, సేవాగ్రామములోనే ఆ పెండ్లి జరిగినది. కూటములో చెప్పిన మాట ఇంటిలోనికి వచ్చినది. అట్టి చోట విమర్శకుడు కలము దింపి కొంచెము సేపు ఊరకుండవలెను.

తెనాలి ప్రాంతమున ఎం. ఎన్. రాయ్ గారి అనుచరులైన నవ్య మానవవాదులుగూడ కూటములు జరుపుచుండిరి. ఆవుల గోపాలకృష్ణమూర్తి గారు అందులో ముఖ్యులు. 1948లో రాయ్ గారు తన పార్టీనే రద్దుచేసి, ఓట్లకంటె ఆలోచన ముఖ్యమని చెప్పిరి. వారివి అధ్యయన తరగతులు. చదువు వచ్చినవారికి పనికివచ్చినవి. పాలేరు, కూలి స్త్రీ ఆ తరగతులలో ఏమి చేయగలరు? కావున మన పల్లెలకు సంబంధించినంతవరకు గోరా గారి కూటములనే తూచవలసియున్నది.

ఆయన వాదము క్లుప్తముగా ఇది: దేవుని నమ్మినవాడు తన్ను తాను దాసునిగా తలంచుకొనును, అంతయు పైవాని చిత్తమని చేతులు ముడుచుకొనును, ఆ నమ్మకము విడిచిననాడే మనుష్యుడు స్వతంత్రుడై తన బాధ్యత తాను వహించును. ఆయన పుట్టిన ఇంటినుండి చూచిన ఇది సత్యమే. జందెము, మడి, కర్మ, పూర్వజన్మ ఇవన్నియు దేవుని పేరుతోనే ఆయన మెడకు కట్టబడినవి. త్రెంచుకొనుటయే ఆయనకు విడుదల.

అయితే అదే డెల్టాలో, అదే కాలువల ప్రక్కన, మాలపల్లె నుండి చూచినవానికి సంగతి మరియొక రీతిగా కనబడినది. రాఘవాపురపు పగోలు వెంకయ్యను తలంచుకొనుడి. మాట్లాడలేని విగ్రహము దేవుడెట్లగునని ఆయన తనంతట తానే ప్రశ్నించుకొని వాటిని విడిచిపెట్టెను. అంతవరకు గోరా గారికిని ఆయనకును భేదము లేదు! పిమ్మట ఒక్క దేవుని వెదకుచు, బెజవాడలో డార్లింగు దొరగారి బోధ విని, 1859లో తనవారితో బాప్తిస్మము పొందెను. ఆయనకు దేవుడు సంకెల కాలేదు. గుడి వాకిట నిలువనియ్యని లోకములో, తన గుడిసెకు వచ్చిన దేవుడు ఆయనకు దొరికెను. నీవును మనుష్యుడవే అని మొదట చెప్పినవాడు దేవుడే. ఆ మాట విన్న పిమ్మట పలక పట్టిరి, చొక్కా తొడుగుకొనిరి, దొర యెదుట తల యెత్తిరి. దేవుని నమ్ముట దాస్యమే అను సూత్రము ఈ సంగతిని వివరింపజాలదు. గోరా గారి తర్కములో నాకు కనబడు ముఖ్యమైన లోపమిదియే: తన కులము దేవుని పేరుతో చేసిన దానిని చూచి, దేవుని నమ్మినవారందరి చరిత్ర అదేయని ఆయన తీర్మానించెను.

ఇంతవరకు చదివి, మనమే గెలిచితిమని సంతోషింపవద్దు. వెంకయ్యకు ఆ మాట చెప్పిన సంఘము, ఆ మాటను పంక్తిలో నిలుపుకొన్నదా?

1910లో ఎడింబరో నగరమున ప్రపంచ మిషను మహాసభ జరిగినప్పుడు, తరువాత దోర్నకల్ బిషప్పు అయిన వి. ఎస్. అజరయ్య గారు లేచి, మిషనరీలు భారతీయ సహోదరులతో కలిసి భోజనమునకు కూర్చుండుటకు గూడ వెనుకాడుచున్నారని అందరి యెదుట చెప్పిరి. త్యాగములు చేసితిరి, ఇప్పుడు స్నేహము నిండు అని కోరిరి. కొందరికి కోపము వచ్చినది. మాట నిజమే. ఇప్పుడు దొరలు లేరు. నింద వారిమీద వేయుటకు వీలు లేదు. కృష్ణా తీరమున మన సంఘములలో ఒకే గిన్నెలోని ద్రాక్షారసము పుచ్చుకొని, బయటికి వచ్చిన తరువాత ప్రేమ విందులో మాలవారు ఒక వరుస, మాదిగవారు ఒక వరుస కూర్చుండు చోట్లు లేవా? ఒకే ఊరిలో రెండు గుడులు, రెండు సమాధుల తోటలు లేవా? ఏ ఊరని పేరు చెప్పను. చదువువారికి తమ ఊరు తెలియును. పెండ్లి సంబంధముల మాట ఎత్తుటయే అనవసరము.

అంతియొకయలో కేఫా అన్యజనులతో భోజనము చేయుచుండి, యాకోబు నొద్దనుండి కొందరు రాగానే వెనుకకు తీసిన సంగతి గలతీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయములో నున్నది. పౌలు ఆయనను అందరి యెదుట నిలదీసెను. అది భోజన పంక్తినిగూర్చిన తగవు. పౌలు దానిని సువార్తనుగూర్చిన తగవుగా ఎంచెను. పున్నమి పంక్తిని చూచినచో అపొస్తలుడు ఏమనియుండునో మనము ఊహింపవచ్చును. మన ప్రేమ విందును చూచినచో ఏమనునో ఊహింపనక్కర లేదు, వ్రాసియే యున్నది.

మహాకవి గుర్రం జాషువ గారు మన ఇండ్లలో పుట్టినవారు. ఆయన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానము వచ్చినది. ఆయన కుమార్తె హేమలత గారు 1960లో గోరా గారి కుమారుడు లవణం గారిని వివాహమాడి ఆ నాస్తిక కుటుంబములో చేరిరి. ఆమె కారణములు ఆమెవి. వాటిని మనము కల్పించి చెప్పరాదు. అయితే ఆమె చేసిన పని యొకటి మనకు దగ్గరగా తగులును. బాపట్ల చేరువనున్న స్టూవర్టుపురము ఎరుకల కుటుంబముల కొరకు ఏర్పడిన సెటిల్‌మెంటు. తెల్లదొరల చట్టము ఆ కులమంతటికి దొంగలని ముద్రవేసినది. ఆ ఊరిని మొదట నడిపినవారు సాల్వేషన్ ఆర్మీ, అనగా మనవారే. 1970ల దశాబ్దములో హేమలత గారును లవణం గారును అక్కడికి పోయి, నేరము మానదలచిన వారిని కూర్చుండబెట్టి మాటలాడి, వారికి జీవనోపాధి చూపుటకు పాటుపడిరి. మనవారు విత్తిన చేనిలో వారు కలుపు తీసిరి. పంట ఎవరిదని వాదించువారు వాదింపనిండు. తెలుగు సంఘములు తమకు పొరుగుననే యున్న ఆ ఊరిని ఎంత మరచినవో మాత్రము తలంచుకొనవలెను.

వారు చేసినదెల్ల మెచ్చదగినదని నేననను. 1972లో, స్వాతంత్ర్యము వచ్చి 25 ఏండ్లు నిండిన సందర్భమున, విజయవాడలో గోమాంసమును పందిమాంసమును ఒకే చోట వడ్డించు విందు ఏర్పాటైనది. హిందువు తన నిషేధమును, ముసల్మాను తన నిషేధమును విడిచి మనుష్యులుగా కలియవలెనని ఉద్దేశము. ధైర్యము కలదు, సందేహము లేదు. కాని ఆలోచింపుడి. మన తాతలకు ఆ మాంసము సాహసము కాదు, ఆకలికి దొరికినది. దానిని తిన్నందుకే ఊరివారు వారిని రోసిరి. పెద్ద కులమువాడు ఒక దినము దానిని తిని వీరుడగుట, మాదిగవాడు ప్రతిదినము దానిని తిని నీచుడగుట, ఈ రెండును ఒకటి కావు. మరియు ఇంకొకని మనస్సాక్షికి నొప్పి కలిగించు పదార్థమును విస్తరిలో పెట్టి స్నేహమునకు పిలుచుట వింతయైన పిలుపు. రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ అధ్యాయములో ఈ చిక్కునే పౌలు ఓపికతో విప్పెను. పున్నమినాటి పంక్తి ఎవనిని గెలువ జూడలేదు, ప్రక్కన చోటిచ్చినది. ఈ విందు గెలువ జూచినది. నా దృష్టికి మొదటిదే బలమైనది.

రెండవ కొరత ఇంతకంటె లోతైనది. గోరా గారి కుటుంబపు సంస్థలలో 1969లో ఏర్పడిన వాసవ్య మహిళా మండలి యొకటి. వాస్తవికత, సంఘదృష్టి, వ్యక్తిత్వము అను మూడు మాటల మొదటి అక్షరములు కూర్చి వాసవ్య అని పేరు పెట్టిరి. చక్కని మూడు మాటలు. కాని బిడ్డను పోగొట్టుకొన్న తల్లి వచ్చి ఏల అని అడిగినచో, ఈ మూడింటిలో ఏ మాట ఆమెకు చెప్పవలెను? ఆమె అడుగునది రోగకారణము కాదు. డాక్టరు అది చెప్పియే యున్నాడు. ఆమె ఏడ్పు వినువాడొకడు కావలెను. యోబు గ్రంథములో వివరణలు చెప్పిన స్నేహితులే గద్దింపబడిరి. దేవునితోనే వాదించిన యోబు గద్దింపబడినను, సరిగా పలికినవాడని ఒప్పుకొనబడెను. వాదించుటకైన ఎదుట ఒకడుండవలెను గదా. ఆ ఒకడు లేని కూటములో బలముగల వానికి పని దొరకును. బలము పోయినవానికి దొరకునది జాలి. జాలియు మంచిదే, చాలినది కాదు.

ఇట్లనుచున్నానని వారు కష్టకాలమున రారని తలంపవద్దు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి సుమారు 10,000 మంది చనిపోయినప్పుడు, బురదలో దిగి పనిచేసినవారిలో మిషనువారును ఉండిరి, నాస్తిక కేంద్రపు వారును ఉండిరి. శవములను ఎత్తునప్పుడు ఎవరును ఎవరి మతము అడిగియుండరు. గోరా గారు అప్పటికి లేరు. 1975 జూలైలో విజయవాడ సభలో మాటలాడుచునే కూలిపోయి మృతినొందిరి.

పాశ్చాత్య దేశములలోను దేవుడు లేని కూటములు పుట్టినవి. 1876లో న్యూయార్కులో ఫీలిక్స్ ఆడ్లర్ అను యూదు బోధకుని కుమారుడు నీతి సమాజమును స్థాపించెను. 2013లో లండనులో ఇద్దరు హాస్యనటులు, మునుపు చర్చిగా నుండిన కట్టడములోనే, ఆదివారపు కూటము ప్రారంభించిరి. పాటలు, ఉపన్యాసము, తేనీరు అన్నియు చర్చివలెనే, దేవుడొక్కడే లేడు. కొన్నేండ్లలో అనేక నగరములకు ప్రాకి, పిమ్మట చాలచోట్ల సన్నగిల్లినది. చూడగా, కలిసి పాడుటకు ఇష్టము చాలును గాని, ఇష్టము లేని ఆదివారమున గూడ వచ్చుటకు మరియేదో కావలెను. పటమటవారు ఇంతకాలము నిలిచినది పాటలవలన కాదు. ఒక కుటుంబము తన పెండ్లిండ్లను, తన అన్నమును, తన పరువును పణముగా పెట్టినందున నిలిచిరి. 1972 నుండి ప్రపంచ నాస్తిక మహాసభలు విజయవాడకు వచ్చుటకును అదియే మూలము.

మన పల్లె సంఘములలో ప్రశ్న అడుగుటకు చోటెక్కడ? అయ్యగారు ప్రసంగింతురు, మనము విందుము, ఆమేన్ అందుము. ఆదివారపు బడిలో పిల్లవాడు, అయ్యగారూ, తుపానుకు మా వరిచేను పోయినప్పుడు దేవుడేమి చేయుచుండెను అని అడిగినచో, కూర్చోరా అనుట వాడుక. వాడు కూర్చుండును. పదేండ్ల తరువాత విజయవాడ కాలేజీలో లేచి అదే ప్రశ్న అడుగును. అక్కడ ఎవరో ఓపికతో వినెదరు. వాడు మన కూటము విడుచుటకు నాస్తికుని తర్కము కారణము కాదు, మన తొందరపాటు కారణము. నెలకొక ఆదివారము ఆరాధన పిమ్మట గంటసేపు చాపలు వేసికొని, తోచిన ప్రశ్న అడుగనిచ్చినచో, సంఘము కూలిపోదు. తెలియని దానికి తెలియదని పాస్టరు గారు చెప్పినను గౌరవము తగ్గదు. స్త్రీలు ముందు అడుగుదురేమో గూడ!

ప్రేమ విందు సంగతిలో అందరును కలిసి తినుచున్నామని చెప్పు సంఘములు కలవు. వాటికి ఒక ప్రశ్న. వండినవారెవరు? బియ్యము కడిగినదెవరు, కూర కలియబెట్టినదెవరు, గరిటె ఎవరి చేతిలో నున్నది? పంక్తిలో ప్రక్కన కూర్చుండుటకు ఒప్పుకొని, ఆ చేతి వంట తినుటకు ఒప్పుకొననివారు పటమట విస్తళ్లలోనుగూడ ఉండియుందురు; మనలో నున్నారు. క్రిస్మసు దగ్గర పడగానే సంఘ పెద్దలు చందాలు వ్రాయుటకు కూర్చుందురు. బియ్యమెన్ని బస్తాలు, కోడిమాంసమా వేటమాంసమా అని గంటలకొలది మాటలాడుదురు. ఈసారి ఆ కాగితముమీద మొదట వ్రాయవలసినది, వంట ఏ పేటవారు చేయుదురు అనునది.